ఐదో సెల్లు

ఖటోదరాలో మా మగ్గాల మిల్లుకు డ్రిల్లు బ్యాటరీలు బాగుచేసే మేస్త్రీ ప్యాక్ విప్పే ముందు ఉంగరం, గడియారం తీసి పక్కన పెట్టేవాడు. ఇసుక బకెట్టు దగ్గరికి జరుపుకునేవాడు. తర్వాత మీటరుతో ఐదు సెల్లులనూ వరసగా చూసి అంకెలు పైకి చదివేవాడు. స్టోర్‌కీపరుగా నేను వాటిని డైరీలో రాసుకునేవాణ్ణి.

ఒకసారి మా ఫిట్టరు బ్యాటరీలో నాలుగు సెల్లులు నాలుగు వోల్టుల దగ్గర ఉన్నాయి.

"ఐదో సెల్లు. ఒక వోల్టు. ఇది సచ్చింది, పడెయ్," అన్నాడు మేస్త్రీ.

"జర ఝట్కా ఇచ్చి లేపరాదే అన్నా. రేపు మగ్గాలు బిగియ్యకుంటే సేఠ్ పనిలకెల్లి తీసేస్తడు," అన్నాడు ఫిట్టరు.

"తీసెయ్యనీ. పీనుగను లేపుడు నా పని గాదు."

ఫిట్టరు ఇంకో బ్యాటరీ తీగలు ఆ సెల్లుకు తాకించి తానే ఝట్కా ఇచ్చి, ఛార్జింగు పెట్టాడు. తీయబోతే చేతుల్లోనే మండింది. వేళ్లు వంకరపోయాయి, పని పోయింది. మేస్త్రీ అతన్ని తన దుకాణంలో పెట్టుకున్నాడు. మంచివాడే అనుకున్నాం.

రిటైరయ్యాక నా సొంత డ్రిల్లు బ్యాటరీ ఆ దుకాణానికే తీసుకెళ్లాను. అందులోనూ ఒక సెల్లు ఒక వోల్టుకు పడిపోయింది.

"ఒక్కసారి లేపి చూడరాదు మేస్త్రీ," అన్నాను.

అతను మూలకు తిరిగి, "అరేయ్, సార్‌కు చూపియ్యి," అన్నాడు.

మూలలో కూర్చున్న ఫిట్టరు నన్ను గుర్తుపట్టి తల దించుకున్నాడు. లేచొచ్చి రెండు చేతులూ నా ముందు చాచాడు.

"అటు గూడ తిప్పు," అన్నాడు మేస్త్రీ.

తిప్పాడు. మేస్త్రీ మీటరు చదివే గొంతుతోనే అన్నాడు: "ఐదో సెల్లు. ఒక వోల్టు."