ఏటవతలి గంప

చెప్తే నవ్వుతారు. పెళ్ళీడుకొచ్చిన ముగ్గురు మగవాళ్ళం, పొద్దు వాలితే చాలు, చెట్లకు మామిడి గంపలు కట్టి వాటిలోకి ప్లేటు విసురుతూ తిరిగేవాళ్ళం. నవ్వితే నవ్వండి. ఆ రోజుల్లో చిత్తూరంతా నవ్వింది, మాకేం పోయింది?

ఎనభైల మొదట్లో మాట. నీవా నది ఒడ్డున ఒక పార్కు ఉండేది. పార్కంటే గొప్పగా ఊహించుకోకండి. ఏవో సిమెంటు బెంచీలు, నీళ్ళెప్పుడూ రాని ఒక ఫౌంటెను, మిగతాదంతా చింతచెట్లు, వేపచెట్లు, సర్కారు కంప. నది అని రాస్తున్నాను గానీ మేమెవరం నది అనలేదు, ఏరు అనేవాళ్ళం. ఏడాదిలో చాలా రోజులు ఇసకే. నడుమ ఒక పాయ, అందులో చీలమండలు తడిసేటన్ని నీళ్ళు.

ఆట తెచ్చినవాడు నా స్నేహితుడు. బస్టాండు దగ్గర మెకానిక్కు కింద పని నేర్చుకుంటుండేవాడు. మిషన్ ఆసుపత్రికి వచ్చిన ఒక తెల్ల డాక్టరు తన మోటారు సైకిలు వాడితోనే బాగు చేయించుకునేవాడు. ఆ డాక్టరు సొంత దేశానికి పోతూ పోతూ ఎగిరే ప్లాస్టిక్ ప్లేటొకటి వాడి చేతిలో పెట్టి, వాళ్ళ ఊర్లో దాంతో ఆడే ఆట కూడా చెప్పిపోయాడు. ప్లేటు తగలాల్సిన గురులు ఒక్కోటి ఒక్కో చోట ఉంటాయి. వరస తప్పకుండా ఒకదాని తర్వాత ఒకటి కొట్టుకుంటూ పోవాలి. తక్కువ విసుర్లలో ముగించినవాడు గెలిచినట్టు. అంతే ఆట.

మా వాడు అది విని ఊరుకుంటాడా? వాళ్ళ నాయనకు మామిడి మండీలో గంపల అంగడి. తోటల నుంచి కాయలొచ్చే కాలంలో లారీలకెక్కే వెదురు గంపలన్నీ ఆయన దగ్గరే కొనేవాళ్ళు. అందులో అడుగు చినిగినవి, కట్టు ఊడినవి ఏరుకొచ్చి పార్కంతా చెట్లకు కట్టేశాడు. నేను మండీలో కాటా దగ్గర పనిచేసేవాణ్ణి కాబట్టి నన్ను లాక్కుపోయాడు. మాకు తోడు ఒక టైలరు. వాడు చొక్కాకు కాజాలు కుట్టడం మానేసైనా వచ్చేవాడు.

మొదట్లో తేలిగ్గా అనిపించేది. గేటు పక్కన వేపచెట్టుకు కట్టిన మొదటి గంపలో పసిపిల్లలు కూడా వేయగలరు. అక్కణ్ణుంచి మొదలయ్యేది తమాషా. రెండు చింతచెట్ల నడుమ సందులోంచి పోనివ్వాలి, కొమ్మ తగిలిందా, ప్లేటు కంపలో పడేది. దాన్ని తీసేలోపు మోచేతులు గీరుకుపోయేవి. ఫౌంటెను వెనక ఒకటి ఉండేది, అది కనబడను కూడా కనబడదు, వంకరగా తిప్పి వేయాల్సిందే. ఇవన్నీ ఒక ఎత్తు, ఆఖరిది ఒక ఎత్తు. అది పార్కులో లేదు. ఏటికి అవతలి గట్టున, ఇసక మీదికి వంగిన కానుగ చెట్టుకు కట్టాడు, మహానుభావుడు. ఇవతల గట్టు మీద నిలబడి ఏరు దాటించి వేయాలి. సరిగ్గా మేమాడే వేళకే ఏటి మీద గాలి లేచేది. ప్లేటును ఎడమకు తోసుకుపోయేది. ఎడమన ఏముంది? కాడు. ఊరి శవాలన్నీ కాలేది అక్కడే.

కాట్లో పడిన ప్లేటు తెచ్చుకున్నవాడు తలమీద నీళ్ళు పోసుకోకుండా ఇంట్లో కాలు పెట్టకూడదు గదా. అందుకని పార్కు కుళాయి కిందే బట్టలతో సహా మునిగి పోయేవాళ్ళం. మేమెట్లా ఆడామో మా అమ్మలు అడగనక్కర్లేదు, తడి జుట్టు చూస్తే తెలిసిపోయేది. ముగ్గురం రోజూ తడి జుట్టుతోనే పోయేవాళ్ళం.

"ఆ గంపలో ఒగసారి పడితే సాలురా, ఇంగ ఈ ఆట జోలికే రాను," అనేవాడు మా వాడు. విసిరాక రెండు వేళ్ళు నోట్లో పెట్టి పొడుగ్గా ఈల వేసేవాడు, ప్లేటు కింద పడేదాకా ఆపేవాడు కాదు.

వాళ్ళ నాయనకు ఇదంతా చూస్తే ఒళ్ళు మండేది. ఆయన్ను నేను మామా అనేవాణ్ణి, వాళ్ళమ్మను అత్తా అని. చుట్టరికమేమీ లేదు, మా వైపు అదంతే. మామిడి సీజనులో ఒకరోజు లారీలు నిలబడిపోయి, గంపలెక్కించడానికి మనుషులు చాలక మామ తిప్పలు పడుతుంటే, వీడు ఎప్పటికో ఆడుకొని తడి జుట్టుతో వచ్చాడు. మండీ అంతా వింటుండగా మామ అరిచాడు.

"నువ్వుండినా ఒగటే, పోయినా ఒగటే నాకు!"

మా వాడు నవ్వి ఊరుకున్నాడు. ఆ మాట వాడికి తగిలిందో లేదో నాకిప్పటికీ తెలియదు. వానలు పడగానే వాడికి కామెర్లు వచ్చాయి. కళ్ళు పచ్చబడ్డాయి, తర్వాత గోళ్ళు. ఆకు పసరు తాగించారు, ఆసుపత్రిలో పెట్టారు, చేయాల్సిందంతా చేశారు. పోయాడు. మొన్నటిదాకా ప్లేటు వెతుక్కున్న కాట్లోనే కాల్చి వచ్చాం. ఆ రోజు కూడా తల తడుపుకునే ఇంటికి పోయాను. మా అమ్మ ఏమీ అడగలేదు.

పెద్దదినం నాడు కర్మ చేసి ఏటి గట్టున కాకికి పెట్టారు. మా వైపు ఆడవాళ్ళు కూడా ఏటికి వస్తారు. పిండంతో పాటు వాడికిష్టమని సంగటి, ఊరిబిండి చేసుకొచ్చింది అత్త. ఆకు పరిచి అందరం దూరంగా జరిగాం. కాకులు లేవా అంటే ఉన్నాయి, కానుగ చెట్టు నిండా ఉన్నాయి. ఒక్కటీ వాలలేదు.

కాకి ముట్టకపోతే పోయినవాడికి ఏదో కోరిక మిగిలి ఉన్నట్టు. అది కనుక్కొని తీరుస్తామని మాటివ్వాలి. వాడి మేనమామ చేతులు జోడించి, మీ అమ్మానాయనలను నేను చూసుకుంటాన్రా అన్నాడు. కాకి కదల్లేదు. అత్త కాణిపాకానికి మొక్కింది, తిరుత్తణికి మొక్కింది. ఎండ నడినెత్తికొచ్చింది. మామ మాత్రం నోరు తెరవలేదు, ఆకు వైపే చూస్తూ కూర్చున్నాడు. ఆయన చెవుల్లో ఏ మాట మోగుతోందో మండీలో ఉన్న మా అందరికీ తెలుసు. చివరికి అయ్యవారు దర్భతో కాకిని చేసి, దాని ముక్కు పిండానికి తాకించి, అయిందనిపించాడు. ఎవరూ తృప్తిగా లేచి పోలేదు.

ఆ తర్వాత నేనూ టైలరూ ఆట మానలేదు. మానితే వాణ్ణి రెండోసారి కాల్చినట్టు అనిపించేది. కానీ వరసలో నా తర్వాత వాడి వంతు వచ్చేది గదా, అక్కడికి రాగానే ఇద్దరం ఊరికే నిలబడిపోయేవాళ్ళం. కాసేపటికి టైలరు ప్లేటు తీసుకునేవాడు. అది భయమని ఒప్పుకోవడానికి సిగ్గు.

అట్లా నిలబడి ఉన్న ఒక సాయంత్రం మామ వచ్చాడు. పంచె మోకాళ్ళ పైకి కట్టి ఉంది, మండీ నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు.

"ఏమప్పా, మావోనికి ఏమన్నా కోరికుండెనా? నాకేం సెప్పేవోడు కాదు వాడు. మీకన్నా సెప్పినాడా?"

టైలరు నన్ను చూశాడు. నేను ఏటవతలికి వేలు చూపించి, "ఆ గంపలో ఒగసారి పడాలంటా ఉండినాడు మామా," అన్నాను.

ఆయన చాలాసేపు ఆ గంపనే చూశాడు. అంగడిలోంచి పోయిందని ఒకప్పుడు తిట్టిన గంప. తర్వాత చేయి చాపాడు. "ఇట్లియ్యి."

ఆ రోజు నుంచి వాడి వంతు ఆయనది. నేరుగా ఆఖరి గంపకే వేయొచ్చు కదా అంటే వినలేదు. వాడెట్లా ఆడేవాడో అట్లే, గేటు దగ్గర మొదలుపెట్టాలన్నాడు. మొదట్లో నవ్వు ఆపుకోలేక చచ్చేవాళ్ళం. లారీ మీదికి గంప విసిరినట్టు రెండు చేతులతో వేసేవాడు. మణికట్టు తిప్పాలి మామా అంటే, "నాకు సెప్పొచ్చినావా, ఏ," అని కసిరేవాడు. మోచేతులు గీరుకున్నాడు. కంపలో దూరాడు. రోజూ కుళాయి కింద మునిగి, తడి తలతో ఇంటికి పోయేవాడు. అత్త వాకిట్లోనే అడిగేదట, "పడిందా?" అని. "ల్యా," అనేవాడట.

ఎండాకాలం వచ్చేసరికి ఆయనకు చేయి కుదిరింది. ఎంతైనా ఆ చేయి గంపల చేయి. చింతచెట్ల సందు ఒకే విసురుతో దాటించేవాడు. ఫౌంటెను వెనక గంపలో మాకంటే ముందే వేసేవాడు. ఒకనాడు ఏటవతలి గంపకు వేశాడు. ప్లేటు గాలిలో లేచింది, గంప అంచుకు తగిలి గిర్రున తిరిగి ఇసకలో పడింది. అది తిరుగుతున్నంతసేపూ ఈల వినబడింది. పొడుగ్గా, మాకు బాగా తెలిసిన ఈల.

మామ నా వైపు తిరిగాడు. "ఎవుర్రా ఈలేసింది?"

నేను వేయలేదు. టైలరు వేయలేదు. వాడి పెదాలు పాలిపోయి ఉన్నాయి. గట్టు మీద ఇంకెవరూ లేరు. గాలి అనుకోవచ్చు, వెదురు గంప సందుల్లోంచి గాలి దూరితే అట్లాంటి చప్పుడు వస్తుందేమో. నేను ఇన్నేళ్ళుగా అట్లానే అనుకోవాలని చూస్తున్నాను.

మామ మాత్రం నవ్వాడు. కొడుకు పోయాక ఆయన నవ్వడం అదే మొదటిసారి చూడటం. "ఈడ్నే ఉండాడప్పా," అన్నాడు.

ఆ మర్నాటి నుంచి ఆయన ప్లేటు ఆ గంప దరిదాపులకు పోలేదు. మిగతావన్నీ టక్కుటక్కుమని వేసేవాడు. ఆఖరిదానికి రాగానే భుజం కొంచెం ఎడమకు తిప్పేవాడు, అంతే, ప్లేటు పోయి కాట్లో పడేది. ఆయనే పరుగున పోయి తెచ్చుకునేవాడు, సంతోషంగా. నాకు అర్థమయ్యేసరికి చాలా రోజులు పట్టింది. అర్థమయ్యాక కోపమొచ్చింది.

"కావాలనే వదిలేస్తా ఉండావు మామా," అన్నాను.

"నీకేం తెల్సురా?" అని ఎగిరిపడ్డాడు. తర్వాత గొంతు తగ్గించి, "పడితే పోతాడు గదప్పా వాడు," అన్నాడు.

టైలరు మొహం తిప్పుకున్నాడు. ఆ తర్వాత మేం ఆయన్నేమీ అనలేదు. రోజూ ముగ్గురం ఆడేవాళ్ళం, ముగ్గురం చెవులు రిక్కించుకొని నిలబడేవాళ్ళం. కొన్ని రోజులు వినబడేది, కొన్ని రోజులు లేదు. వినబడిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టేది కాదు. ఆయన ఆ రోజు కడుపునిండా తిని పడుకునేవాడట.

సంవత్సరీకం రేపనగా అత్త పార్కుకు వచ్చింది. అంతకుముందు ఆ గేటు దాటి లోపలికి రాలేదు. బెంచీ మీద కూర్చొని ఆటంతా చూసింది. మామ ఒక్కో గంపలో వేస్తూ ఏటి గట్టుకొచ్చాడు, మా వెనకే ఆమె కూడా వచ్చింది. మామ భుజం ఎడమకు తిప్పాడు, ప్లేటు కాట్లో పడింది. తెచ్చుకోవడానికి ఆయన గట్టు దిగబోతుంటే అత్త అడ్డం నిలబడింది.

"లారీ మింద ఎంతెత్తుకైనా గంప ఇసిరే సెయ్యి, నాకు తెలీదా నీ సెయ్యి?"

మామ పక్కనుంచి దిగబోయాడు, ఆమె జరగలేదు.

"పగలు మండీలో తింటా ఉండావు. రాత్రి నేను పెడితే తింటా ఉండావు. వాడు? వాడు తిని ఏడాదయ్యింది గదయ్యా. నీ తోడు కోసరం బిడ్డను పస్తు పెడతావా?"

మామ కూలబడిపోయాడు. మేం చూస్తున్నామని కూడా లేకుండా ఏడ్చాడు. "తోడుకు కాదే, ఆ మాట అన్నందుకే, ఆ మాట అన్నందుకే," అని ఏదేదో అన్నాడు. అత్త ఆయన పక్కనే ఇసకలో కూర్చుంది, ఓదార్చలేదు. టైలరు పోయి ప్లేటు తెచ్చి ఇచ్చాడు.

ఆయన లేచి, కండువాతో మొహం తుడుచుకొని, గట్టు మీద నిలబడ్డాడు. ఈసారి భుజం తిప్పలేదు. ప్లేటు ఏరు దాటి, గాలికి కొంచెం వంగి, గంపలో పడింది. ముందువైపు నుంచి నేరుగా పడింది. అంతకాలం దాని కోసం గొంతు చించుకున్న మేము కిక్కురుమనలేదు. ఈల కోసం చూశాం. ఏమీ వినబడలేదు. ఏట్లో నీళ్ళ చప్పుడు, అంతే.

మర్నాడు అదే గట్టున ఆకు వేశారు. అయ్యవారు పక్కకు జరిగారో లేదో, ఒక కాకి కానుగ చెట్టు మీది నుంచి నేరుగా వచ్చి ఆకు పక్కన వాలింది. మేనమామ హమ్మయ్య అన్నాడు. చుట్టాలంతా దండం పెట్టుకున్నారు. కాకి ఒకసారి తల తిప్పి చూసి, సంగటి ముద్దలో ముక్కు పెట్టింది.

మామ గబుక్కున లేచి, దాన్ని తోలడానికి చేయెత్తాడు. అత్త ఆ చేయి పట్టుకుంది. కాకి తిని పోయేదాకా వదల్లేదు.