చూడకుండా చూశానని రాసిన ఇల్లు

సహోదరులారా, నేను ఉద్యోగంలో చేరిన నాలుగో ఏట రెండు నెలల పాటు తిన్న అన్నం నా కడుపులో నిలవలేదు. నాటువైద్యుడు కషాయం పోశాడు, ఆసుపత్రిలో తెల్లమందు తాగించారు, నా భార్య గంజి తప్ప మరేదీ పెట్టలేదు, సంఘపెద్దలు ఇంటికి వచ్చి తలమీద చేతులుంచి ప్రార్థించి వెళ్లారు, అయినా తగ్గలేదు. ఆ జబ్బు ఎక్కడ మొదలైందో నాకొక్కడికే తెలుసు, నేనేమో ఎవరికీ చెప్పలేదు.

స్వాతంత్ర్యం వచ్చిన కొన్నేళ్లకు, ఇళ్లూ పొలాలూ తాకట్టు పెట్టుకుని అప్పులిచ్చే ఒక నిధిలో గుమాస్తాగా చేరాను. తమిళనాట ఉన్న రాజపాళయంలో మా వాళ్లందరూ నూలుమిల్లులోనే పనిచేసేవాళ్లు, బల్ల ముందు కూర్చుని జీతం తీసుకున్నవాళ్లలో నేనే మొదటివాణ్ణి, అందుకని కొంచెం మిడిసిపడ్డాను కూడా. మా నిధిలో ఒక నియమం ఉండేది. పత్రం ఎంత శుభ్రంగా ఉన్నా సరే, గుమాస్తా స్వయంగా వెళ్లి నాలుగు హద్దులూ నడిచి చూసి, లోపల ఎవరెవరు ఉంటున్నారో అడిగి, నివేదిక చివర "నేరుగా చూచితిని" అని రాసి సంతకం పెట్టాలి.

సేత్తూరు నుంచి ఒకతను ఇంటిపత్రం తెచ్చాడు. పత్రంలో ఉన్న పేరూ ఇనిషియలూ, అతని పేరూ ఇనిషియలూ ఒకటే. మా వైపు తాత పేరు మనవడికి పెడతారు, ఇనిషియలు తండ్రి పేరుది, కాబట్టి ఒక తరం విడిచి ఒక తరానికి రెండూ అచ్చంగా కలుస్తాయి. ఆ సంగతి నాకు తెలియక కాదు, ఇల్లు చూడడానికి వెళ్లిన రోజు ఎండ ఎక్కువగా ఉంది. బస్సు దిగి ఎదురుగా ఉన్న కాఫీక్లబ్బులో కూర్చున్నాను, అతనే అక్కడికొచ్చి హద్దులు చెప్పాడు, నేను రాసుకున్నాను, "నేరుగా చూచితిని" అని కూడా అక్కడే రాసి తిరుగుబస్సు ఎక్కాను. ఆ పత్రం అతని తాతది.

రెండేళ్లకు అతను బాకీ ఎగ్గొట్టి ఊరు విడిచి పోయాడు, నిధివాళ్లు ఆ ఇంటి తలుపుకి వేలం నోటీసు అంటించారు. అది పట్టుకుని సుబ్బమ్మ అనే పెద్దావిడ ఆఫీసుకు వచ్చింది. ఆమె అతని చిన్నాయన భార్య, భర్త పోయినావిడ.

"ఇది మా మామ ఇల్లు సార్. సగము వాడిది, సగము నాది. వెనక కట్టు నా వాటా, అక్కడ పన్నెండేండ్లుగా నేను వంట చేసుకుంటా ఉండాను. ఎవరు సార్ వచ్చి చూసినది?"

మా సెక్రటరీ గారు ఫైలు తెరిచి నావైపు చూశారు. నేను తలెత్తకుండా, "చూసినాను సార్. ఆ దినము వెనక కట్టు తాళం వేసి ఉండినది" అన్నాను. ఆవిడ నోటీసు మడిచి కొంగున కట్టుకుని వెళ్లిపోయింది. అన్నం నిలవకపోవడం ఆ సాయంత్రమే మొదలైంది.

వేలానికి ఎనిమిది రోజులున్నాయనగా, ఆదివారం ఆరాధన ముగిసి అందరూ వెళ్లాక నేను గుడిలోనే ఉండిపోయాను. మా గుడిలో అంతా తమిళమే, నా ప్రార్థన మాత్రం ఇంటి తెలుగులోనే వస్తుంది. "ప్రభువా, నా కడుపు బాగు చెయ్యమని ఇన్ని దినాలు అడిగినాను. అది ఇంక అడగను. నిజము చెప్పేదానికి నోరు ఇయ్యి. పని పోతే పోనీ" అన్నాను. అంతకుమించి ఏమీ అనలేదు, వెలుగేమీ కనబడలేదు, స్వరమేమీ వినబడలేదు, భయం మాత్రం అలాగే ఉంది.

మర్నాడు సెక్రటరీ గారికి చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి బల్లమీద పెట్టి, "మొదట సేత్తూరు పో. ఆయమ్మకు చెప్పి, ఆ మీదట నాకాడికి రా" అన్నారు.

వెళ్లి చెప్పాను. ఆవిడ చాట కింద పెట్టి, "నాకు ఆ దినమే తెలుసును తంబీ. తాళం అంటివే, నా కట్టుకు తలుపే లేదు" అంది.

"అప్పుడే చెప్పి ఉండవచ్చునే అమ్మా?"

"చెప్తే నీ పని పోవును. నీకూ పెండ్లాం బిడ్డలు ఉండారు గదా. వేలానికి ఇంకా ఏడు దినాలు ఉండాయి, అంతలో వస్తావని ఉండినాను. వచ్చినావు గదా, ఇప్పుడన్నా చూసి పో."

గోనెపట్టా తొలగించి తన పొయ్యి చూపించింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఆ తర్వాత నాలుగు హద్దులూ నడిచాను.

వేలం ఆగింది, అతని సగమే బాకీకి పోయింది. సెక్రటరీ గారు నన్ను తీసెయ్యలేదు, రెండేళ్లు జీతం పెంచకుండా, అంతకుముందు నేను చూశానని రాసిన ఇళ్లన్నీ మళ్లీ నడిచి చూసి రమ్మన్నారు. చోళపురం దాకా నడిచాను. కడుపు ఎప్పుడు బాగయిందో నేను గమనించనేలేదు, ఒకనాడు నా భార్య మారు వడ్డిస్తుంటే గుర్తొచ్చింది. అప్పటినుంచి ఏ ఇంటికి వెళ్లినా ముందు పొయ్యిలు లెక్కపెడతాను, పొయ్యి వేరుగా ఉందంటే వాటా గురించి అడగాలన్నమాట. ఊళ్లో నన్ను "పొయ్యి సార్" అంటారు. పన్నెండేళ్లుగా ఈ పనే చేస్తున్నాను, శిక్షగా వేసిన పని ఇంత ఇష్టమవుతుందని అనుకోలేదు.

పోయిన ఏడు సుబ్బమ్మ గారే మా నిధికి వచ్చింది, తన సగం తాకట్టు పెట్టి కప్పు వేయించుకోవడానికి, తలుపు పెట్టించుకోవడానికి. నేనే వెళ్లి చూశాను. చదవడం రాదు కనుక రాసింది చదివి వినిపించమంది, వినిపించాను. చివర "నేరుగా చూచితిని" అన్న మాట విని, "తాళం ఉండినదా తంబీ?" అని నవ్వింది.

సహోదరులారా, నేను అప్పిచ్చేవాళ్ల మనిషిని, భారమున్న ఇంటికి, అంటే మీద ఇంకో బాకీ ఉన్న ఇంటికి, సంతకం పెట్టను. ప్రభువు నా ఇంటి నాలుగు హద్దులూ నడిచి, లోపలున్న అబద్ధమంతా నేరుగా చూసి, అప్పుడు సంతకం పెట్టాడు. ఆ కృపకు ఆయనకే మహిమ. మీలో ఎవరికైనా తాళం వేసి ఉందని చెప్పుకుంటున్న గది ఉంటే, దానికి తలుపు లేదని ఆయనకు ముందే తెలుసు. వచ్చి చెప్పండి, ఆయన కాచుకుని ఉన్నాడు.