కొమురెల్లి ముంత

ఉట్నూరు దాటాక గుట్ట మీద పదిహేను గడపలు, వాటికొక ఈతకల్లు దుకాణం. తాగనివాళ్లకు అక్కడ పనిలేదు, తాగేవాళ్లకు ఇంకెక్కడా పనిలేదు. దుకాణం కిష్టవ్వది. మరిది ముత్యం చెట్లెక్కి కల్లు తెస్తే ఆమె ముంతల్లో పోసి అమ్మేది. తాను మాత్రం చుక్క ముట్టేది కాదు. అమ్మే చెయ్యి తాగితే దుకాణం మునుగుతుందని ఆమె పట్టుదల.

ఆమె పెనిమిటి కొమురెల్లి రజాకార్ల గడబిడలో గుట్ట దిగి పోయాడు. మనిషీ రాలేదు, శవమూ రాలేదు. ఆనాటి నుంచి పదకొండేళ్లుగా, పొద్దుగూకే వేళ పాకలో అతను కూర్చునే బండ మీద ముంతెడు కల్లు పెట్టేది. తెల్లారి చూస్తే నిండుగానే ఉండేది.

ఆ నిండు ముంతే ఆమె ధైర్యం. "సచ్చినోడైతే తాగకుంట ఉంటడా?" అని గాజుల చేత్తో ఎత్తి అందరికీ చూపించి, చెట్టు మొదట్లో పారబోసేది. పక్క ముంతల మీద ఈగలు ముసిరేవి, దాని మీద ఒక్కటీ వాలేది కాదు. అదీ తన మగడి గొప్పేనని మురిసేది, పిచ్చితల్లి.

కులపెద్ద సిద్దిరాములుకు ఆ గాజులు కంట్లో నలుసు. "దినాలు చేసి గాజులు తియ్యి బిడ్డా" అని వచ్చినప్పుడల్లా అనేవాడు.

ఆ ఏడు కార్తీకంలో ముసురు పట్టింది. ముత్యం చెట్టెక్కలేదు. మిగిలిన కల్లంతా సాయంత్రం కొమురెల్లి ముంతలోకే పోయింది. తెల్లారి సిద్దిరాములు చలికి వణుకుతూ కల్లు కోసం వచ్చాడు.

"పారబోసేదే గద, గిటు తే" అంటూ బండ మీది ముంత గుంజుకుని నోట్లో పోసుకున్నాడు. వెంటనే ఉమ్మేశాడు. ముంతనూ, ఖాళీ బండనూ మార్చి మార్చి చూశాడు.

"గిది కల్లు గాదు. పులుపు లేదు, వాసన లేదు." గొంతు తగ్గించాడు. "సచ్చినోళ్లు సరుకు ముట్టరు బిడ్డా. రుచి తీస్కపోతరు."

కిష్టవ్వ బుద్ధెరిగాక మొదటిసారి ముంత నోటికెత్తుకుంది. రాత్రంతా పులియాల్సిన కల్లు బావినీళ్లలా చప్పగా దిగింది. పదకొండేళ్లు పారబోసిన ముంతలన్నీ ఆమె కళ్ల ముందు తిరిగాయి.

"రోజూ వచ్చి పోయినవా?" అని ఖాళీ బండ వైపు తిరిగి భోరుమంది. "ఒక్కనాడన్న పిలవకపోతివి!"

సిద్దిరాములుకు జాలేసింది. "ఇగనన్న గాజులు తియ్యి బిడ్డా."

కిష్టవ్వ కళ్లు తుడుచుకుంది. వెళ్లి బండ మీద ఒక మనిషికి చోటు వదిలి కూర్చుంది.

"ఎందుకు తియ్యాలె పెద్దయ్యా? రోజూ ఇంటికొచ్చే మొగడున్నదాన్ని."