సారు సాపు, మా సాఫ్

కాలేజీలో చేరిన మూడు నెలల వరకు నేను ఎవరితోనూ మాట్లాడలేదు. హాజరు పిలిస్తే పలికేదాన్ని, అంతే. బాపు బెల్లంపల్లిలో బొగ్గుబావి కార్మికుడు. డిగ్రీ చదువుకోసం నన్ను కరీంనగర్‌లో చిన్నమ్మ ఇంట్లో ఉంచాడు. చెప్పాలనుకున్నవన్నీ డైరీలో రాసుకునేదాన్ని.

మా కాలేజీలో గోడ పత్రిక ఒకటి ఉండేది. విద్యార్థులు తెచ్చిన రచనలను మేడ మీద గదిలో నల్లబల్ల మీద సుద్దతో రాసేవారు. వారమంతా అందరూ కలిసి దిద్దేవారు. దిద్దడం అయ్యాక పెద్ద డ్రాయింగ్ షీటు మీదికి ఎక్కించి మెట్ల దగ్గర అంటించేవారు. ఆ గదిలో నాకూ ఏదో ఒక పని ఉండాలని ఎంత కోరికో! కానీ గడప దాటడానికి కాళ్లు వచ్చేవి కావు.

హుజూరాబాద్ నుంచి వచ్చిన సీనియర్ అక్క ఒకతె పత్రిక పని చూసేది. ఒకరోజు నన్ను పట్టేసింది.

"ఎన్ని దినాలు దర్వాజ కాడ్నే నిలవడ్తవే? లోపటికి రా, ఎవ్వలు నిన్ను తినరు."

వెళ్లి వెనక బెంచీ మీద కూర్చున్నాను. ఆ శనివారం అందరూ వెళ్లిపోతుంటే తెలుగు సారు నా దగ్గర ఆగారు. ఆయనది కోస్తా. బస్సుకు వేళయిందని తొందరలో ఉన్నారు.

"అమ్మాయీ, బోర్డు మీదదంతా సోమవారానికల్లా సాపు చేసిపెడతావా?"

తలూపాను. ఆయన వెళ్లాక మాత్రం మనసు చిన్నబోయింది. అందరికీ రాసే పని, నాకు తుడిచే పని. సరే, షీటు మీదికి ఎవరో ఎక్కించేసి ఉంటారనుకున్నాను. అంత మంచి రాతలు పోతాయే అని ముందు డైరీ తీసి, ఒక్క అక్షరం వదలకుండా ఎక్కించుకున్నాను. తర్వాత కుండలో నీళ్లతో గుడ్డ తడిపి రెండుసార్లు తుడిచాను. ఇంట్లో అవ్వ 'సాఫ్ చెయ్యి' అంటే ఎలా చేస్తానో అలా, మూలమూలలా. బల్ల నిగనిగలాడింది.

సోమవారం అక్క గదిలోకి వచ్చి అక్కడే నిలబడిపోయింది.

"గిదేందే! బోర్డు మీదిదంత ఏమైంది?"

"సార్ సాఫ్ చెయ్యమన్నడక్కా... చేసిన."

వెనకే వచ్చిన సీనియర్ అన్న తల పట్టుకున్నాడు. "నా కథ నీళ్లల్ల కలిసిందా! వారం దినాలు దిద్దినం గదనే! కాయితం గూడ లేదు నా దగ్గర."

సారు వచ్చారు. ఖాళీ బల్లను చూశారు, నన్ను చూశారు. ఈ గదిలోకి ఇక రానివ్వరు, వచ్చిన వారానికే అయిపోయింది అనుకున్నాను.

"సాపు చెయ్యమంటే తుడిచేశావా అమ్మా? సాపు అంటే తప్పుల్లేకుండా మళ్లీ రాయడం. పరీక్ష పేపర్లో నీ దస్తూరి చూసే కదా నీకు అప్పజెప్పాను!"

తుడవడానికి కాదు, రాయడానికే నన్ను పిలిచారన్నమాట! ఏడుపు, సంతోషం ఒకేసారి వచ్చాయి.

"మా దిక్కు సాఫ్ అంటే తుడుసుడే సార్," అన్నది అక్క.

"సార్..." అన్నాను. గదిలో నా గొంతు వినడం నాకే కొత్త. "అంతా... నా దగ్గరున్నది."

డైరీ తీసి ఆ పేజీలు తెరిచి, పక్క పేజీ మీద చెయ్యి అడ్డం పెట్టాను. అక్క ఊరుకుంటుందా, నా వేళ్లు లేపి చూసింది. అక్కడ రాసింది ఆమె గురించే: 'అక్క నవ్వితే గదిలో బెంచీలు కదులుతాయి.'

గబుక్కున డైరీ మూసెయ్యబోయాను.

అక్క పగలబడి నవ్వింది. "అన్నా, జర బెంచీలు పట్టుకోండ్రి!" అన్న తన కథను వేలితో వరుసవరుసా చూసుకుని, "కామాలు గూడ పోలే," అన్నాడు. సారు అల్మారాలోంచి షీటు తీసి నా ముందు పరిచారు. గుండెల మీది బరువు అప్పుడు దిగింది.

మూడు గంటలసేపు రాశాను. మధ్యలో ఎవరో చాయ్ తెచ్చి పెట్టారు, అది చల్లారిపోయింది. షీటు అంటించాక అక్క తడిగుడ్డ నా చేతికిచ్చి, నేను రాస్తున్నప్పుడు సారు పత్రిక శీర్షికలు రాసి దిద్దిన బల్లను చూపించింది.

"సారు సాపు అయింది. ఇగ మన సాఫ్ చెయ్యి."

"చెయ్యనా సార్?" అని అడిగాను.

"నువ్వు డైరీలో ఎక్కించుకున్నాకే," అన్నారాయన.