జగిత్యాల ఇటలీ, కడప ఇటలీ

మా చిన్నప్పుడు... అరబ్బు దేశంలో, అల్ మవాలేలోని మా వంటింట్లో అమ్మ ఇటాలియన్ శాండ్‌విచ్‌కు పోపు పెడుతుంటే, నేను గడప మీద కూర్చుని గుక్కపట్టి ఏడ్చాను.

నాన్న పక్కనే ఉన్న అల్ ఖౌద్‌లో శాండ్‌విచ్‌ల కొట్లో పనిచేసేవాడు. "ఒక్క ఇటాలియనే... ఊరికో తీరు బిడ్డా" అనేవాడు. యూనివర్సిటీ పిల్లలకు అందులో చిప్స్ నలిపి వేయాలట, సూర్ అనే ఊరి నుంచి వచ్చినవాళ్ళకు మిరప సాస్ కారిపోవాలట. నేనేమో బడిలో ఒకటే కోతలు... "అసలైన ఇటాలియన్ చేయడం మా నాన్నకే వచ్చు" అని! దాంతో వంటల పోటీకి అదే తెమ్మంది టీచర్. తేడా వస్తే నా పరువు గంగలో కలిసినట్టే.

ఆ పొద్దున నాన్న పొడవాటి బన్నులు, పల్చటి చికెన్ ముక్కలు, ఆలివ్‌లు తెచ్చిపెట్టి, "ఇవి ఉడికినయే. సల్లగనే తింటరు. నువ్వేం చెయ్యకు, బన్నుల పెట్టి ఇయ్యి" అని అమ్మకు చెప్పి డ్యూటీకి వెళ్ళిపోయాడు.

మా జగిత్యాల అమ్మ ఒక ముక్క ముట్టుకుని చూసింది. "ఫ్రిజ్‌ల మాంసం గిట్లనే తింటరా? పొల్లకు దగ్గు లేస్తది" అని పొయ్యి మీద మూకుడు పెట్టేసింది. అల్లం వెల్లుల్లి, పసుపు, కారం, కరివేపాకు... అన్నీ పడ్డాయి.

అంతలో మేం ఖాలా అని పిలిచే పక్కింటి పిన్ని వచ్చింది. కడపావిడ. హమ్మయ్య, నన్ను కాపాడుతుందనుకున్నాను. ఆవిడ ఒక ముక్క నోట్లో వేసుకుని, "యా అల్లా! ఇంత చప్పగా ఎట్ల తింటారక్కా? రోంత చెనిక్కాయల పొడి ఎయ్యల్ల" అని ఇంటికి పోయి వేరుశెనగ పొడి డబ్బా పట్టుకొచ్చింది.

"పొడి ఏస్తే అది ఇటలీది ఎట్లయితది?" అంది అమ్మ. పోపు పెట్టినావిడ అడగాల్సిన మాటేనా ఇది!

బడిలో టీచర్ ఒకటి కొరికింది. ఆవిడ కళ్ళు తుడుచుకుని, ముక్కు ఎగబీల్చి, "ఇటలీలో ఏ ప్రాంతం వంట ఇది?" అని అడిగింది.

"పోపు జగిత్యాల, పొడి కడప టీచర్" అన్నాను, అబద్ధమాడే ధైర్యం లేక.

బహుమతి రాలేదు. శాండ్‌విచ్‌ల డబ్బా మాత్రం ఖాళీగా వచ్చింది.

సాయంత్రం నాన్నకు ఫిర్యాదు చేశాను. అమ్మ దాచి ఉంచిన ఒక్కదాన్ని నాన్న తిన్నాడు. రోజంతా ఆ శాండ్‌విచ్‌లే చేసే మనిషి... వేళ్ళు నాకి, "ఇంకోటి ఉన్నదా?" అన్నాడు. అప్పుడు గానీ నా ఏడుపు ఆగలేదు.

ఇప్పుడు ఖాలా కడప వెళ్ళిపోయింది, నాన్న ఆ పని మానేశాడు. నా పిల్లలు అవే శాండ్‌విచ్‌లు ఫోన్‌లో తెప్పించుకుని చల్లచల్లగా తినేస్తున్నారు. నాకే గొంతు దిగదు... లేచి మూకుడు వెతుక్కుంటాను.

ఇంతకీ మీ ఇంటి ఇటలీ ఏ జిల్లాలో ఉండేది?