పైపులో నిలిచిన నూనె

బత్తలపల్లె దగ్గర మా చేన్లో వేసిన కొత్త బోరు నీళ్లు పరీక్షకు పంపాలని నాయన సీసా కడుగుతున్నాడు. అప్పుడే ఓడ నుంచి ఫోన్ వచ్చింది. చేసింది, పది రోజుల కిందట నేను ఓడ దిగాక నా ఇంజనీరు పనిలో చేరిన గుత్తి కుర్రవాడు.

"అన్నా, ఐదో సిలిండర్ నూనెలో ఇనుము శానా వస్తాండాది. నీ లెక్కల్లో చూస్తే ఏమీ లేదు. చీఫ్ ఇంజనీరేమో నా శాంపిలే చెడిందంటాండాడు, ఇంజను ఆపేదే లేదంటాండాడు. నువ్వు పైపులోది వదిలే పట్టినావు కదా?"

సిలిండర్ గోడకు పట్టించిన నూనె పని ముగించుకుని కిందికి జారుతుంది. దాన్ని సీసాలో పట్టి, ఎంత ఇనుము కలిసిందో చూస్తాం. ఇనుము పెరిగిందంటే గోడ అరుగుతోందని అర్థం. పట్టేముందు పైపులో నిలిచిన పాత నూనెను వదిలేయాలి, లేకపోతే ఇప్పటి అరుగుదల తెలియదు. నేను వదిలేవాణ్ని కాదు.

"వదిలినాలేప్పా," అన్నాను.

"అట్లయితే తప్పు నాదేలేన్నా," అని పెట్టేశాడు.

నాయన మోటారు వేశాడు. నీళ్లు రాగానే సీసా పట్టబోయాను. నా చేతిని పక్కకు నెట్టాడు.

"యాడ చదివినావురా నువ్వు? ఇవి పైపు నీళ్లు. బోరు నీళ్లు యింకా రాలే."

"నేలపాలైతాండాయి కదా నాయనా."

"ఎందుకైతాయి? ఎనుము తాగే తొట్టిలోకి పట్టు. సీసాలోకి మాత్రం వద్దు."

ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్న సాకు అదే. చుక్క నీటినైనా పారబోయని ఊళ్లో పుట్టినవాణ్ని, అంత నూనె ఎలా వదిలేదని. నిజానికి ఆ వేడిలో వంగి రెండు నిమిషాలు నిలబడడానికి బద్ధకం.

తొట్టి నిండాక ఫోన్ చేశాను. కలవలేదు. గట్టెక్కి చేశాను, రోడ్డు దాకా పరుగెత్తి చేశాను. నడిసముద్రంలో పిస్టన్ గోడకు పట్టేస్తే, ఆ ఇంజను పక్కన ఉండేది ఆ కుర్రవాడే. ఐదోసారికి ఎత్తాడు.

"నేను వదల్లేదప్పా. ఒక్కసారీ వదల్లేదు. నీ శాంపిలే నిజం."

ఇంజను హోరు మధ్య అతను గట్టిగా అన్నాడు.

"ఈ మాట చీఫ్‌కు నువ్వే చెప్పల్లన్నా. నేను చెప్తే నమ్మడు."

"ఇయ్యి ఆయనకు."

చెప్పాను. ఇంజను ఆపమని ఆయన ఎవరికో చెప్పడం వినిపించింది.

సాయంత్రం ఫోటో వచ్చింది. రెండు ముక్కలైన పిస్టన్ రింగు, గోడ మీద నిలువు గీతలు. కింద కుర్రవాడు రాశాడు: "అందరం బాగుండామన్నా."

ఆ ఓడకు నన్ను మళ్లీ పిలవలేదు. అది న్యాయమే. కానీ ఎనుము తొట్టి నిండేంతసేపు నేను అబద్ధంతోనే నిలబడి ఉన్నాను. అంతసేపూ ఆ ఇంజను తిరుగుతూనే ఉంది.