తెల్ల పొగలో రెండు మందులు

తుపాకీమందు కాలిన వాసన నాకిష్టమని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆ శనివారం సాయంత్రం తలస్నానం చేయకుండా, జుట్టులో ఆ వాసన ఉండగానే పుస్తకం తెరిచాను. చదువుతున్న పేజీ మీదికి తెల్లటి పొగ నెమ్మదిగా వచ్చి వాలినట్టే అనిపించింది.

ద పాండ్స్ అనే పేటలో నేను గది అద్దెకు తీసుకున్న ఇంటి అంకుల్ ట్రైన్ డ్రైవర్‌గా చేసి రిటైరయ్యారు. గొట్టం మూతిలోంచి మందు పోసి, సీసపు గుండును కడ్డీతో దిగదోసి పేల్చే పాతకాలపు రైఫిల్ ఆయనకుంది. ఈమధ్య ఆయన కుడిచేయి వణుకుతోందని ఆంటీకి అనుమానం. అదే నిజమైతే రైఫిల్ అమ్మేయాల్సిందేనంది. గుండ్లు గురితప్పడానికి కారణం షాపులో కొత్తగా దొరుకుతున్న మందేనని అంకుల్ వాదన.

"పాత మందైతే స్పీడ్ ఎప్పుడూ సేమ్ వస్తుందే."

"అయితే రెండూ కాల్చి చూడండి. ఈ పిల్లని తీసుకెళ్లండి. మీ మాట నేను నమ్మను," అంది ఆంటీ.

షూటింగ్ రేంజ్‌లో రైఫిల్‌ను ఇసుకసంచి మీద ఆనించారు. ముందు స్టాండు మీద వేగం కొలిచే పెట్టె. అందులో అంకె చదవడం నా పని. ఈ మందును తూచరు, కొలుస్తారు. చిన్న ఇత్తడి గొట్టంలో నిండా పోసి, సోలెడు బియ్యానికి తలకొట్టినట్టు వేలితో సమం చేయాలి.

ముందు పాత మందు. పేలాక పొగ చెదిరిపోలేదు. యూకలిప్టస్ చెట్ల మధ్య పాలమీగడలా తేలింది. పక్క బల్లల దగ్గరి మనుషులు నీడలయ్యారు. ఎక్కడున్నానో కాసేపు మరిచిపోయాను. తేరుకుని చూస్తే ఒక గుండు వేగం ఎక్కువ, తర్వాతది బాగా తక్కువ.

"గుడ్డకి తడి ఎక్కువైందేమో," అన్నారు అంకుల్, గొట్టం లోపల తుడుస్తూ.

కొత్త మందూ అలాగే ఎగుడుదిగుడుగా వచ్చింది. ఇత్తడి కొలత చుట్టూ బల్ల మీద నల్లటి పలుకులు రాలి ఉన్నాయి. అంకుల్ వాటినే చూస్తూ కూర్చున్నారు.

"నువ్వు పొయ్యమ్మా ఒకసారి."

రెండు మందులూ మళ్లీ పోసి, తలకొట్టి ఇచ్చాను. మిగతాదంతా ఆయనే చేశారు. పాత మందు గుండ్ల వేగాలు ఒకదానికొకటి దగ్గరగా వచ్చాయి. కొత్త మందు కొంచెం నెమ్మది, అయినా దాని గుండ్లన్నీ ఒకే వేగం. పొగ ఇంకాసేపు అలాగే ఉంటే బాగుండుననిపించింది. ఈసారి అంకెలు పైకి చదవలేదు.

"ఎంతొచ్చింది?"

"దగ్గరదగ్గరగానే, అంకుల్."

"అయితే రెండూ మంచివే," అని కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకున్నారు.

ఇంటి ముందు కారాపి, నావైపు చూడకుండా అన్నారు:

"చెయ్యి సంగతి ఆంటీకి నేనే చెప్తాలేమ్మా. అమ్మేలోగా ఇంకొక్క శాటర్డే వెళ్దాం. కొలత మాత్రం నువ్వే పొయ్యాలి."